ఇరవై నాలుగేళ్ళ పాత సైటు: మరమ్మతు డైరీ

జనవరి 14, 2025, సంక్రాంతి

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. సెలవుల్లో చేసుకురమ్మని స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారట, ఊళ్ళో వాడే పాత పనిముట్ల మీద. "బాబాయ్, తాతయ్య చెప్పిన మాటలన్నీ నీ సైటులో ఉన్నాయంట కదా" అంటూ అరిసెల పళ్ళెం పక్కన పెట్టి ఫోను తీసింది. కాస్త గర్వంగానే అడ్రసు చెప్పాను.

పేజీ తెరుచుకుంది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, చీమలంత. రెండు వేళ్ళతో సాగదీస్తే సగం వాక్యం తెర అవతలికి పోయింది. పైన "800×600లో చూస్తే బాగుంటుంది" అని 2001లో నేనే పెట్టిన సలహా. దాని కింద కుడి నుంచి ఎడమకి పాక్కుంటూ పోయే సుస్వాగతం. పాపం, ఓపిగ్గా నాగలి పేజీ నొక్కింది. అక్కడ ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన చుక్కలూ తోకలూ ఉన్న ఏవో యూరప్ అక్షరాలు, మధ్యమధ్య పౌండు గుర్తులు, కాపీరైటు గుర్తులు.

"ఇదే భాష బాబాయ్?"

తెలుగే. మా పెదనాన్న, అంటే వాళ్ళ తాతయ్య, అరుగు మీద కూర్చుని చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకుని, గుంటూరులో నెట్ సెంటర్‌కి గంటకి పాతిక రూపాయలు ఇచ్చి ఎక్కించిన తెలుగు. ఆ మాట దాంతో చెప్పడానికి మొహం చెల్లలేదు. నోటుబుక్కు ఎక్కడుందో అన్నయ్యకీ తెలియదు, నాకూ తెలియదు.

రాత్రి పడుకునే ముందు లెక్క వేసుకున్నాను. రంగులు మార్చాలి, ఫోనులో సరిపోయేలా చెయ్యాలి, మంచి ఫాంటు పెట్టాలి. రెండు వారాంతాల పని.

జనవరి 15, కనుమ

ఈసారి మా ఇంట్లో పూజకి ఎద్దుల్లేవు. ట్రాక్టరుకే పసుపు రాసి బొట్టు పెట్టారు. అది అయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

సైటు చరిత్ర ముందు రాసుకుంటే మంచిది, లేకపోతే నాకే గందరగోళం. 2001లో జియోసిటీస్‌లో మొదలు. ఉచితంగా 15 ఎంబీ జాగా ఇచ్చేవాళ్ళు, అప్పట్లో అది పదెకరాల మాగాణిలా కనిపించేది. 2005లో ఉద్యోగం వచ్చాక సొంత పేరు కొనుక్కున్నాను. 2011లో వర్డ్‌ప్రెస్ అనే సైటు నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను, కానీ పాత పేజీలని కదపలేదు. కొత్తవి ఇందులో, పాతవి అందులో. 2014లో పెదనాన్న పోయారు. 2017 తర్వాత నేను కొత్తగా ఒక్క ముక్క రాయలేదు, ఏడాదికోసారి డబ్బు మాత్రం కడుతున్నాను. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. నా దగ్గరున్న పాత కాపీ ఒక సీడీలో ఉంది, అదీ గీతలు పడి.

ఉన్న కాపీలన్నీ ఒక ఫోల్డర్లో పోసి లెక్కపెట్టాను. మొత్తం 212 పేజీలు. రకాల వారీగా విడగొట్టాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 61 పేజీలు పాత ఫాంట్లలో ఉన్నాయి. 38 పేజీల్లో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాలతో రాశాను. 19 పేజీల్లో అసలు అక్షరాలే లేవు, రాసిందంతా బొమ్మలుగా పెట్టాను. మిగతా 94 మాత్రమే యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు ఉండే పద్ధతి). అంటే సైటులో సగానికి పైగా ఇవాళ్టి ఫోనుకి తెలుగు కాదు.

ఆ 94లోనూ ఏడు పేజీలు చెడిపోయి ఉన్నాయి. వీటి తెగులు వేరు. ప్రతి అక్షరానికీ ముందు నెత్తిన గీత ఉన్న చిన్న 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు. ఇలా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు: అది మంచి యూనికోడే, బ్రౌజర్‌కి ఎవరో తప్పు చెప్పారంతే. 2011లో డేటాబేస్ మార్చేటప్పుడు నేనే చెప్పాను. ఇవి పది నిమిషాల్లో బాగయ్యాయి. ఇవాళ్టికి జరిగిన శుభం ఇదొక్కటే.

జనవరి 19, హైదరాబాద్

రంగుల సంగతి పక్కన పెట్టేశాను. ముందు చదవగలగాలి.

పాత ఫాంట్లు ఎలా పనిచేసేవో ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. కంప్యూటర్‌కి తెలుగు తెలియదు. దానికి తెలిసినవి 256 నంబర్లు. ఫాంటు తయారుచేసినవాళ్ళు ఇంగ్లిష్ అక్షరాల బొమ్మలు తీసేసి, ఆ గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చేవాళ్ళు. అక్షరాలు కాదు, ముక్కలు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఐత్వం అయితే పైన ఒకటి కింద ఒకటి రెండు ముక్కలు. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చినట్టు పేర్చుకుంటూ పోవడమే. ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఒక ఒప్పందం లేదు. ప్రతి ఫాంటుదీ దాని దారి. పత్రికల సైట్లు కూడా ఒక్కోటి ఒక్కో ఫాంటు. ఒకటి చదవాలంటే దాని ఫాంటు దించుకోవాలి, ఇంకోటి చదవాలంటే ఇంకోటి.

వీటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అని బ్రౌజర్‌కి తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఎంత వాడానో. పాత తరహా ఎక్స్‌టెన్షన్లని ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో ఆపేసింది, నా దగ్గరున్న కాపీ ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. అందుకని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టాను. పట్టిక ఒకటి: ఈ నంబరు ఈ ముక్క. తర్వాత వరస సరిచెయ్యడం. ఉదాహరణకి 'ప్ర' తీసుకుంటే, నా ఫాంటులో క్రావడి (ర వత్తు) ముందు వస్తుంది, ఆ తర్వాత 'ప'. కంటికి ఎడమవైపు కనిపిస్తుంది కాబట్టి అలా పెట్టారు. యూనికోడ్‌లో నోటితో పలికే వరస: ప, దాని కింద పొల్లు, తర్వాత ర. 'ప్రతి' అన్న మాటలో ముక్కలన్నీ ఉన్నా వరస మార్చకపోతే 'రప్తి' లాంటిదేదో వస్తుంది.

రాత్రి ఒంటిగంటకి మొదటి పేజీ మారింది. "నాగలికి మేడి పట్టుకునే చోటు, కర్రు నేలలో దిగే చోటు" అని తెలుగులో కనిపించింది. పక్క గదిలో మా ఆవిడ నిద్ర లేచేలా చప్పట్లు కొట్టాను.

జనవరి 26

సెలవు దినం ఆదివారం వచ్చినందుకు ఆఫీసులో అందరూ ఏడ్చారు. నేను మాత్రం రోజంతా ప్రూఫులు దిద్దాను.

పేజీలు మారుతున్నాయి కానీ వింతలు. "ఆమ పాలు పితికే వేళ" అని ఒకచోట. "ఆమని కొట్టంలో కట్టేసి" అని ఇంకోచోట. ఆమ ఏంటని పది నిమిషాలు బుర్ర గోక్కున్నాక తెలిసింది, ఆవు! 'వు'కి కొమ్ము కింద నుంచి లేస్తుంది, 'మ'కి పక్క నుంచి. ఆ చిన్న తేడా కోసం ఫాంటులో రెండు కొమ్ములు ఉన్నాయి. 2001లో నేను ఏ కొమ్ము దొరికితే అది కొట్టేశాను. తెర మీద రెండూ ఒకేలా కనిపించేవి, చదివేవాళ్ళు సర్దుకునేవాళ్ళు. ప్రోగ్రాం సర్దుకోదు. నేను ఏది కొట్టానో దాన్నే అంది.

సున్నతోనూ అదే గోల. ఫాంటులో సున్న ముక్క కోసం రెండు మీటలు కలిపి నొక్కాలి. నాకు బద్ధకం వేసి మామూలు జీరో కొట్టాను. ఇప్పుడు 'పలుగు, పార, గొడ్డలి' బాగానే వచ్చాయి, 'పగ్గం' దగ్గర మాత్రం చివర్లో జీరో వేలాడుతోంది. జీరోలన్నీ సున్నలుగా మార్చేద్దామంటే "100 బస్తాలు" కాస్తా "1ంం బస్తాలు" అయింది. చివరికి పక్కన అంకె ఉంటే ముట్టుకోవద్దు, తెలుగు అక్షరం ఉంటే మార్చు అని రూలు పెట్టాను. ఈ ఒక్క రూలుతో నాలుగు వందల చిల్లర చోట్ల బాగైంది.

60 పేజీలు అయిపోయాయి. 61వది మొరాయిస్తోంది. దాని సంగతి తర్వాత.

ఫిబ్రవరి 2

ఇంగ్లిష్ అక్షరాల తెలుగు, 38 పేజీలు. వీటికి అప్పట్లో ఆర్‌టీఎస్ పద్ధతి వాడేవాళ్ళం. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు ఇంటర్నెట్ తొలిరోజుల్లో తయారుచేసుకున్నది. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. పెద్ద 'ఎన్' అంటే ణ, పెద్ద 'ఎల్' అంటే ళ. తర్వాత వచ్చిన లేఖిని అనే తెలుగు టైపింగు సైటులో టైపు చేసిన ప్రతివాడికీ ఆ వేళ్ళ అలవాటు ఇప్పటికీ ఉంటుంది. నాకుంది.

అన్నిటికంటే సుఖంగా మారినవి ఇవే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఇందులో ఒక్క అక్షరం చెడలేదు. మొత్తం మార్చడానికి గంట పట్టలేదు. అందంగా ఉంటుందని ఫాంటులో పెట్టిన పేజీలు రెండు వారాలు తిన్నాయి, చూడ్డానికి అసహ్యంగా ఉంటుందని నేను సిగ్గుపడ్డ పేజీలు చెక్కుచెదరకుండా వచ్చేశాయి.

కాకపోతే మధ్యలో ఇంగ్లిష్ మాటలు ఇంగ్లిష్‌లోనే రాసినచోట ప్రోగ్రాం వాటిని కూడా తెలుగు చేసింది. "చిన్నప్పుడు చ్య్చ్లె మీద వెళ్ళేవాళ్ళం." సైకిల్. "త్రచ్తొర్ వచ్చాక ఎడ్లు పోయాయి." ట్రాక్టర్. ఇవన్నీ చేత్తోనే దిద్దాలి. మా అన్నయ్య కూతురికి పంపితే పొట్టచెక్కలయ్యేలా నవ్విందట. స్కూల్లో ట్రాక్టర్‌ని అందరూ ఇప్పుడు అలాగే పిలుస్తున్నారని కబురు.

ఫిబ్రవరి 9

బొమ్మలుగా పెట్టిన 19 పేజీలు. 2003లో విండోస్ ఎక్స్‌పీ కొన్నాను. దానితో గౌతమి ఫాంటు వచ్చింది, యూనికోడ్ వచ్చింది. కానీ తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లో ఒక గడిలో టిక్కు పెట్టి ఎక్స్‌పీ సీడీ మళ్ళీ వెయ్యాలి. ఎంతమంది వేస్తారు? అందుకని మాటలు టైపు చేసి, తెరని ఫొటో తీసి, ఆ బొమ్మ పెట్టేవాణ్ణి. అందరికీ కనిపించేది. గూగుల్‌కి మాత్రం కనిపించేది కాదు.

మళ్ళీ టైపు చేశాను. చెప్పుకోడానికేం లేదు, మెడ నొప్పి తప్ప.

ఫిబ్రవరి 16

ఇవాళ్టికి గానీ డిజైను దగ్గరికి రాలేదు. నిజానికి నాకు ఇష్టమైన పని ఇదే.

ముందు వర్డ్‌ప్రెస్ తీసేశాను. ఏడేళ్ళుగా అప్‌డేట్ చెయ్యని వర్డ్‌ప్రెస్ తాళం వెయ్యని ఇల్లు లాంటిది. నా పేజీలు రోజూ మారేవి కావు, వాటికి డేటాబేస్ ఎందుకు? 212 ఫైళ్ళు, ఒక స్టైలు ఫైలు, వాటిని కూర్చే తొంభై లైన్ల పైథాన్. అంతే. 'నాట్ సెక్యూర్' అని క్రోమ్ 2018 నుంచి నా సైటు పేరు పక్కన రాస్తోంది. సైటు భద్రమని చూపే ఉచిత సర్టిఫికెట్లు అంతకుముందే వచ్చాయి, నేనే పట్టించుకోలేదు. ఇవాళ పావుగంటలో పెట్టాను.

ఇక ఫాంటు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి, పేర్లు చూస్తేనే సరదా: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సురవరం, గిడుగు. మొదటి నలుగురితో రాయల సభ అక్కడే కూర్చున్నట్టు. మాది తెనాలి పక్కన ఊరు కాబట్టి తెనాలి రామకృష్ణతో మొదలుపెట్టాను గానీ అది పెద్ద పేరాలకి పనికొచ్చేది కాదనిపించింది. రామభద్ర లావుగా ఉంటుంది, శీర్షికలకి దివ్యం. చదివే మేటర్‌కి మండలి బాగుంది. 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరు మీద పెట్టిన ఫాంటు, వార్తాపత్రికల కోసం గీసింది. కానీ దానికి ఒకటే మందం. బోల్డ్ లేదు. బోల్డ్ అడిగితే బ్రౌజరే అక్షరాన్ని కాస్త జరిపి రెండోసారి పూస్తుంది. 'ఱ', 'ఆ', 'క్షి' లాంటి అక్షరాల్లో గుండ్రాలు పూడిపోయి సిరా కారినట్టయ్యింది. ఈ సైటంతా పదాలే, ప్రతి పదం బోల్డ్‌లో ఉండాలి. మనసు చంపుకుని నోటో సాన్స్ తెలుగుకి వెళ్ళాను. దానికి సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలూ ఉన్నాయి.

ప్రతి ఫాంటునీ ఒకే వాక్యంతో పరీక్షించాను: "రాష్ట్రంలో స్త్రీలు కూర్చున్న బండి." మొదటి లైన్లో 'ష్ట్ర' ఉండాలి, దాని కింద లైన్లో సరిగ్గా అక్కడే 'స్త్రీ' రావాలి. లైన్ల మధ్య ఎడం ఇంగ్లిష్ డిజైన్లలో పెట్టేలా అక్షరం సైజుకి 1.4 రెట్లు పెడితే పై లైను వత్తు కింది లైను గుడిదీర్ఘంలో గుచ్చుకుంది. 1.6లో ఆనుకుంది. 1.8లో ఊపిరాడింది. 1.9 దగ్గర ఆపాను. తెలుగు అక్షరం రెండంతస్తుల ఇల్లు, కింద సెల్లారు కూడా ఉంటుంది. ఇంగ్లిష్ పెంకుటిళ్ళకి గీసిన ప్లాను మనకి సరిపోదు.

ఇంకో రెండు తీసేశాను. వాలు అక్షరాలు: తెలుగుకి ఆ అలవాటే లేదు, బ్రౌజర్ బలవంతంగా వంచితే గాలివానకి ఒరిగిన వరిచేనులా ఉంటుంది. రెండోది రెండు పక్కలా సమంగా కత్తిరించిన పేరాలు. మన మాటలు పొడుగు, ఫోను తెర సన్నం. ఒక లైన్లో రెండే మాటలు పడితే మధ్యలో కాలవ తవ్వినంత ఖాళీ. ఎడమవైపు సర్ది వదిలేశాను.

రంగు: తెల్లటి తెలుపు కాదు, కాస్త గోధుమ రంగు. పసుపు పోయింది. పాకే సుస్వాగతం కూడా పోయింది. తీసేసేటప్పుడు కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు.

ఫిబ్రవరి 26, మహాశివరాత్రి

జాగారం ఎలాగూ చెయ్యాలి, వెతుకులాట పెట్టె పని ముందేసుకున్నాను.

పాత సైటులో వెతకడానికి ఏమీ లేదు. ఇప్పుడు పదాలన్నిటికీ ఒక జాబితా చేసి, టైపు చేస్తుంటే కింద కనిపించేలా పెట్టాను. 'కాడి' వచ్చింది. 'ముకుతాడు' వచ్చింది. 'చిక్కం' వచ్చింది. 'పైరు' రాలేదు. ఆ పేజీ కళ్ళముందే ఉంది, అందులో 'పైరు' పదకొండు సార్లు ఉంది. వెతికితే సున్నా.

రెండు గంటలు పట్టింది. రెండు 'పైరు'లూ అచ్చం ఒకేలా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పెట్టినా తేడా లేదు. చివరికి అక్షరాల కోడ్లు విడివిడిగా చూశాను. నేను మీటల మీద కొట్టే 'పై'లో ఐత్వం ఒకే గుర్తు. పాత ఫాంటు నుంచి మార్చిన పేజీలో రెండు గుర్తులు: పైన ఎత్వం, కింద ఐత్వపు కొక్కెం. ఫాంటులో రెండు ముక్కలుగా ఉన్నదాన్ని నా ప్రోగ్రాం రెండు ముక్కలుగానే యూనికోడ్‌లోకి దించింది. యూనికోడ్ ఈ రెండూ ఒకటేనని ఒప్పుకుంటుంది, కలిపి రాసే పద్ధతీ విడగొట్టి రాసే పద్ధతీ రెండూ ఇచ్చింది. కానీ పక్కపక్కన పెట్టి పోల్చే ప్రోగ్రాంకి ఆ సంగతి మనం చెప్పాలి. అన్నిటినీ కలిపి రాసే పద్ధతిలోకి మార్చే ఫంక్షన్ పైథాన్‌లో సిద్ధంగా ఉంది. ఒక్క లైను. దొరికేసరికి తెల్లవారుజామున మూడున్నర.

అదే ఊపులో ఇంకోటి కూడా చేశాను. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా కంటికి కనపడని గుర్తొకటి పెడతాం. ఒకళ్ళు పెడతారు, ఒకళ్ళు పెట్టరు. వెతికేటప్పుడు ఆ గుర్తుని అటూ ఇటూ తీసేసి పోల్చమన్నాను. ఎక్కువమంది తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాలతోనే వెతుకుతారు కాబట్టి ప్రతి పదానికీ ఆ రూపం కూడా లోపల దాచాను. ఆర్‌టీఎస్ పేజీలు ఉన్నాయిగా, సగం పని అవే చేసిపెట్టాయి.

గుడిలో గంట వినిపించింది. స్నానానికి లేచాను.

మార్చి 8

అడ్రసులు. పాత పేజీల పేర్లు పేజీ1, పేజీ2 అలా పోతాయి. వాటిని తెలుగులో పెడదామని ఆశపడ్డాను. పెట్టి వాట్సాప్‌లో మా అన్నయ్యకి పంపాను. ఒక్కో తెలుగు గుర్తు యూనికోడ్‌లో మూడు బైట్లు, అడ్రసులో ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అంటే ఒక్క గుర్తుకి తొమ్మిది. 'నాగలి'లో అయిదు గుర్తులు, 45 అక్షరాలు. కొండచిలువ లాంటి లింకు వెళ్ళింది. "ఇదేంట్రా, వైరస్సా?" అని ఫోను చేశాడు, నొక్కనే లేదట.

ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి పేర్లు పెట్టాను. పాత 212 అడ్రసుల నుంచీ కొత్తవాటికి శాశ్వత దారిమళ్ళింపు, 301. ఇరవై ఏళ్ళలో ఎవరెవరు ఎక్కడెక్కడ రాసుకున్నారో నాకేం తెలుసు. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో చెప్పి రావాలి కదా. రాత్రంతా పాత అడ్రసులు ఒక్కోటీ తట్టి చూసే ప్రోగ్రాం నడిపితే మూడు తలుపులు తెరుచుకోలేదు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా. సరిచేశాను.

మార్చి 16

61వ పేజీ. బండి చక్రం.

చక్రం బొమ్మ నేనే పెయింట్‌లో గీశాను. పన్నెండు ఆకులు (చువ్వలు), ఆరు పూటీలు, మధ్యలో కుండ. చుట్టూ బాణం గుర్తులు, ఒక్కోదాని పక్కన పేరు. ఆ పేర్లే చదవలేని రాతలో ఉన్నాయి. మిగతా 60 పేజీల ఫాంటు కాదిది. కాలేజీలో ఒక స్నేహితుడు ఫ్లాపీలో ఇచ్చిన ఫాంటు. అది ఎవరి దగ్గరా లేదు, ఆ స్నేహితుడు "అలాంటిది ఇచ్చానా?" అన్నాడు. పాత వెబ్ పేజీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పేజీ ఉంది, ఫాంటు ఫైలు లేదు.

కాబట్టి నంబర్లు మాత్రమే ఉన్నాయి. వాటిని కాగితం మీద రాసుకుని కూర్చున్నాను.

ఒక ఆధారం ఉంది: పేజీ శీర్షిక ఏమిటో సైటు విషయసూచిక చెబుతోంది, 'బండి చక్రం'. శీర్షిక నంబర్లు ఇవి: 187, 48, 162, 236, ఖాళీ, 154, 231, 249, 143, 231, 48. 'బ'కి తలకట్టు లేదు కాబట్టి 187 బ. 48 మామూలు జీరో, నా బద్ధకపు సున్న. చివర్లోనూ అదే ఉంది, సరిపోయింది. 162 డ, 236 గుడి. 154 చ. 231 రెండుసార్లు వచ్చింది, అది తలకట్టు. 249 క్రావడి, క కంటే ముందే. 143 క.

తర్వాత ఒక పేరులో ఏడు నంబర్లు: 133, 190, 231, 240, 203, 231, 240. చివర తలకట్టు, ఏదో ఒకటి, మళ్ళీ మధ్యలో అదే జంట. అంటే రెండు అక్షరాలకి ఒకే గుణింతం. చక్రంలో అలాంటి మాట ఏముంది? ఇరుసు! 190 ర, 203 స, 240 కొమ్ము. అది పట్టుకుని 129, 143, 231, 240, 194, 240 చూస్తే ఆకులు. ల అంటే 194. క, తలకట్టు, కొమ్ము, సున్న, డ, తలకట్టు కలిస్తే కుండ, బొమ్మలో సరిగ్గా మధ్యలో ఉంది. చిన్నప్పుడు పజిల్ పుస్తకాలు చేసినప్పటి ఆనందం.

ఇంకొకటి: 176, 231, 241, 158, 238, 194, 240. చివర 'లు' ఉంది. బాణం చక్రం అంచుకి పోతోంది. ఊళ్ళో వడ్రంగం చేసే తాతకి అన్నయ్య చేత ఫోను చేయించాను. "అంచు చెక్కలని ఏమంటారు తాతా?" "పూటీలు గదా," అన్నాడాయన, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు. అలా 238 గుడిదీర్ఘం అని తేలింది.

మిగిలింది ఒక్క పేరు. బాణం ఇరుసు కొసకి పోతోంది, చక్రం ఊడి రాకుండా దిగేసే ఇనప మేకు దగ్గరికి. నంబర్లు 143, 231, 162, 231, 154, 238, 194. ఈసారి ఎవరినీ అడక్కర్లేకపోయింది, అన్నీ తెలిసిన నంబర్లే. క, డ, తర్వాత 154.

154 స కాదు. స 203, ఇరుసులో ఉంది. 154 శీర్షికలో చక్రం మొదటి అక్షరం. చ. దానికి గుడిదీర్ఘం, చివర ల.

కడచీల.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాక పది గంటలకి కొత్త సైటు ఎక్కించాను. మా అన్నయ్య కూతురు ఫోనులో చూసి, "నాగలి కనిపిస్తోంది బాబాయ్, కానీ నా ప్రాజెక్టు జనవరిలోనే ఇచ్చేశాగా" అంది.

మధ్యాహ్నం ఒక పని మిగిలింది. 2006లో యూనికోడ్‌లో రాసిన బండి పేజీ ఒకటి వేరే ఉంది. అందులో అదే మేకుని నేను 'కడసీల' అని రాశాను, ఏదో పుస్తకంలో అలా చూసి. అప్పుడు పెదనాన్న బతికే ఉన్నారు, ఊళ్ళోనే ఉన్నారు, ఫోనూ ఉంది. అడగలేదు. పుస్తకంలో ఉన్నదే కరెక్టు అనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పిన మాట మాత్రం 2001 నుంచి ఆ నంబర్ల వెనకాలే ఉంది.

ఇప్పుడు రెండు పేజీలూ ఒకటి చేశాను. చక్రం బొమ్మ అదే ఉంచాను, పెయింట్‌లో గీసిన వంకర గీతలతో సహా. ఇరుసు కొస దగ్గర బాణానికి 'కడచీల, పెదనాన్న మాట' అని రాశాను. దాని కింద చిన్న అక్షరాల్లో 'కడసీల, 2006లో నా దిద్దుబాటు'.